టేబుల్ కింద నాన్న

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బళ్ళో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటో తరగతికే పాఠాలు చెబుతున్నాను. పై తరగతులు ఇస్తామన్నా తీసుకోలేదు. పెద్ద పిల్లల మీద అరిస్తే ఎదురు సమాధానం చెబుతారు. ఆరేళ్ళవాళ్ళ మీద అరిస్తే కాసేపు ఏడ్చి, మధ్యాహ్నానికల్లా వచ్చి ఒళ్ళో కూర్చుంటారు. ఎవరినీ ఊరికే పొగిడే అలవాటు లేని నేను, ఒక చెప్పుల మేస్త్రి గురించి రాయడానికి కూర్చున్నానంటే కారణం ఒకటే. ఇన్నేళ్ళలో ఆయనంతటి గురువు నాకు మరొకరు కనపడలేదు. ఆయన నా తరగతిలోనే అయిదు నెలలు ఉన్నారు, నాకు తెలియకుండా.

ఆ ఏడాది బడులన్నీ మూతపడి పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. పొద్దున్న తొమ్మిదింటికి మా వంటింటి పక్క గదిలో గోడకు నల్లబోర్డు తగిలించి, ఎదురుగా పుస్తకాల దొంతర మీద ఫోను నిలబెట్టుకుని మొదలుపెట్టేదాన్ని. తెర మీద ఇరవై ఆరు గళ్ళు. గడికో పిల్ల ఉండాలి. ఉండేది మాత్రం గడికో కుటుంబం. ఒక గడిలో తల్లి పిల్లవాడి నోట్లో ముద్దలు కుక్కుతూ ఉండేది. ఇంకో గడిలో తాతగారు మనవడి కన్నా ముందే చెయ్యెత్తి, "నేను చెప్పనా టీచర్?" అనేవారు. మరో ఇంట్లో తండ్రి కర్టెన్ చాటు నుంచి "ఏడు, ఏడు" అని గుసగుసలాడితే, పిల్ల ఆయన్ని ఏమాత్రం లెక్కచేయకుండా "ఎనిమిది!" అని అరిచేది. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు నోరు పారేసుకున్నాను.

"ఈ క్లాసులో నాకు పిల్లలు తప్ప పెద్దవాళ్ళు ఎవ్వరూ కనపడకూడదు, వినపడకూడదు. అర్థమైందా?" అన్నాను.

చాలామంది రెండు రోజులు బుద్ధిగా ఉండి మూడో రోజు మళ్ళీ మామూలైపోయారు. తాతగారైతే ఒక్క రోజు కూడా ఆగలేదు. ఒకే ఒక్కరు నా మాటను చెప్పింది చెప్పినట్టు పాటించారు.

మూడో వరుసలో ఒక గడి కింద పిల్ల పేరుకు బదులు "షూ రిపేర్" అని ఉండేది. అది దుకాణం ఫోను. అందులో పేరు ఎలా మార్చాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటి రోజు హాజరు పిలుస్తూ నేను చూసింది చూసినట్టు "షూ రిపేర్!" అని చదివేశాను. పిల్లలు పకపకా నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది, ముందు పళ్ళు రెండూ లేవు. ఆ రోజు నుంచి అదే పేరు ఖాయమైపోయింది. ఆరేళ్ళ పిల్ల, రెండు జడలు, టేబుల్ మీదకి గడ్డం వరకే అందుతుంది.

మొదటి రెండు వారాలూ ఆ గడిలోంచి సుత్తి చప్పుడు వచ్చేది. టక్, టక్, టక్. పిల్ల మాత్రం ఏది అడిగినా చెప్పేది. ఒక్కో మాటా విడివిడిగా, నెమ్మదిగా, తప్పు లేకుండా చెప్పేది. నాకు ఆ జవాబుల కన్నా ఆ చప్పుడే ఎక్కువ వినపడేది. దాంతో తలనొప్పి పట్టుకుంది.

"షూ రిపేర్, ఆ టకటక ఏమిటమ్మా? క్లాసు జరిగినంతసేపూ ఆపమని మీ వాళ్ళకి చెప్పు," అన్నాను.

మర్నాటి నుంచి చప్పుడు లేదు. చప్పుడుతో పాటు పిల్ల మాట కూడా పోయింది. బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే నోరు తెరిచి, "మ... మ..." దగ్గర ఆగిపోయేది. పెదవులు బిగుసుకుని, కళ్ళు పెద్దవై, మొహం కదలకుండా అలాగే ఉండిపోయేది. ఫోన్లలో పాఠాలు చెప్పినవాళ్ళకి ఇది తెలుస్తుంది. అలా మధ్యలో బిగుసుకుపోయిన మొహాలు రోజుకి పది చూస్తాం.

"నెట్‌వర్క్ ఆగిపోతోందమ్మా. కిటికీ దగ్గరికెళ్ళు," అన్నాను.

పిల్ల ఫోను పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ అడిగాను, మళ్ళీ అంతే. "అక్కడా రావట్లేదు. గుమ్మంలోకి వెళ్ళి చూడు." గుమ్మంలోకి వెళ్ళింది. ఒక రోజు మెట్ల మీదికి, ఒక రోజు నీళ్ళ డ్రమ్ము పక్కకి. నేను చెప్పిన చోటికల్లా ఆ చిన్న ప్రాణం ఫోను మోసుకుంటూ తిరిగింది. అది నెట్‌వర్క్ కాదని, ఆ పిల్లకి నత్తి అని నాకు తట్టలేదు. ఆ పిల్ల వెనక గోడ గడియారం ముల్లు తిరుగుతూనే ఉంది. గుమ్మం అవతల జనం నడుస్తూనే ఉన్నారు. చూసే కళ్ళుంటే చాలు, తెలిసేది. నేను చూడలేదు.

పది రోజుల తర్వాత మాట తిరిగి వచ్చింది. పోనీలే, నెట్‌వర్క్ బాగుపడిందనుకున్నాను. కాకపోతే ఒక కొత్త అలవాటు వచ్చింది. ప్రశ్న అడగ్గానే ఒకసారి కిందికి చూసేది, ఒక్క క్షణం ఆగేది, అప్పుడు చెప్పేది. నెలలు గడిచేకొద్దీ చదవడం జోరందుకుంది. నాకు సంతోషం కలగాలి కదా? అనుమానం కలిగింది. కాపీ కొట్టేవాళ్ళని పసిగట్టడంలో నేను పెట్టింది పేరు. కళ్ళలో వత్తులు వేసుకుని ఆ గడినే చూడడం మొదలుపెట్టాను.

ఒక రోజు వాళ్ళ ఫోను కాస్త జారింది. టేబుల్ అంచు కింద ఒక మోకాలు కనపడింది. పిల్లల మోకాలు కాదు.

"కింద ఎవరు?" అన్నాను.

పిల్ల గబగబా ఫోను సరిచేసింది.

"ఓహో! జవాబులన్నీ కింద నుంచి అందుతున్నాయన్నమాట. ఇన్నాళ్ళూ నువ్వు చదివిందంతా ఎవరో చెప్పించిందేనా? ఆ కింద ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, ఇప్పుడే లేచి బయటికెళ్ళాలి. ఇకమీదట ఆ గదిలో పిల్ల తప్ప ఎవరూ ఉండడానికి వీల్లేదు."

టేబుల్ కింద నుంచి ఒక మనిషి వంగి వంగి బయటికి వచ్చాడు. నెరిసిన తల, భుజానికి అంటుకున్న తోలు ముక్క, అంతే కనపడ్డాయి. కెమెరాకి అడ్డం రాకూడదని దాదాపు పాకుతూ గుమ్మం దాకా వెళ్ళాడు. మిగతా ఇరవై అయిదు గళ్ళలోనూ నవ్వులు. నేనూ నవ్వాను. అది దాచిపెట్టి ఈ కథ చెప్పలేను.

ఆ తర్వాత అయిదు వారాలు ఆ గడిలోంచి ఒక్క మాట వినపడలేదు. పిల్ల వచ్చేది, కూర్చునేది, పేరు పిలిస్తే చెయ్యెత్తేది. చదవమంటే తల దించుకునేది. చూశారా, నా అనుమానం నిజమే అయిందనుకున్నాను.

ఏడాది చివర మా బళ్ళో ఒక పద్ధతి ఉంది. ఒకటో తరగతి పిల్లలు ఎప్పుడూ చూడని ఒక పేజీని, ఎవరి సాయం లేకుండా, బయటికి చదవాలి. చదవగలిగితే రెండో తరగతి, లేకపోతే మళ్ళీ ఒకటే. బొత్తిగా రానివాళ్ళని పరీక్షకి కూర్చోబెట్టి ఏడిపించడం ఎందుకని, వాళ్ళ తల్లిదండ్రుల దగ్గర ముందే కాగితం మీద సంతకం తీసుకుంటాం. హెడ్ మేడమ్ షూ రిపేర్ సంగతి అడిగితే, "చదవడం రాదు. తండ్రి చెప్పించేవాడు," అన్నాను. ఆవిడ వాళ్ళ దుకాణానికి ఫోన్ చేసి, నేను కాగితం తీసుకుని వస్తున్నానని చెప్పారు. సంచీలో కాగితం పెట్టుకుని బయల్దేరాను.

సాయంత్రం నాలుగైంది. తాళాలు బాగుచేసే కొట్టుకీ, టైర్ల కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది ఆ దుకాణం. ముందు దుకాణం, వెనక గది ఇల్లు. సగం తెరిచిన తలుపుకి ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద చేత్తో ఇలా రాసి ఉంది: "తొమ్మిది నుంచి పదకొండు దాకా దుకాణం మూసి ఉండును. పాప క్లాసు." నేను లోపలికి అడుగు పెట్టబోయి ఆగాను. లోపలినుంచి సుత్తి చప్పుడూ, దాంతో కలిసి ఒక గొంతూ వినపడుతున్నాయి.

ఆయన గుమ్మానికి పక్కకి తిరిగి కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మధ్య ఇనప పాదం, దాని మీద పాత బూటు సోల్ బోర్లించి ఉంది. ఎదురుగా బోర్లించిన పెట్టె మీద పిల్ల, ఒళ్ళో పుస్తకం.

"చినుకు," అంది పిల్ల. టక్. "కొండ." టక్. "మీద." టక్. "పడింది." టక్.

మాటకో దెబ్బ, దెబ్బకో మేకు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా క్లాసులో వినపడిన సన్నటి, బెదురు గొంతు కాదది. గదంతా నిండిన గొంతు. పేజీ మధ్యకి వచ్చేసరికి "మబ్బు" అనే మాట వచ్చింది. "మ... మ..." అని పిల్ల ఆగిపోయింది. అవే పెదవులు, అవే పెద్ద కళ్ళు. నేను ఎన్నిసార్లు కిటికీ దగ్గరికి పంపిన మొహమో అది.

పైకి లేచిన సుత్తి పైనే ఆగింది. ఆయన పిల్ల వైపు చూడలేదు. ఊ అనలేదు, చెప్పు అనలేదు, ఆ మాట తానే అందించలేదు. రెండో చేత్తో పెదవుల మధ్యనుంచి ఒక మేకు తీసి వెలుతురులో పెట్టి చూశారు. వంకరగా ఉందేమో అన్నట్టు తిప్పి చూశారు. దాన్ని ఉఫ్ మని ఊది, సోల్ మీద నిలబెట్టారు. చూసేవాళ్ళకి ఆయన మేకు గురించి తప్ప మరి దేని గురించీ ఆలోచించడం లేదనిపిస్తుంది. ఆ కాస్త వ్యవధిలో పిల్ల ఊపిరి తీసుకుంది.

"మబ్బు."

టక్.

పిల్లలు ఆగిపోతే ఎలా ఎదురుచూడాలో నాకు ముప్పై ఒక్క ఏళ్ళుగా తెలుసనుకున్నాను. నేను ఎదురుచూడడమంటే, "ఊ, చెప్పు, చెప్పు, తొందరగా," అనడం. ఈయన పిల్ల కోసం ఆగుతున్నట్టు పిల్లకే తెలియకుండా ఆగుతున్నారు. ఆ పేజీ అయ్యేదాకా నేను గుమ్మంలో కదలకుండా నిలబడ్డాను.

"బాగా చదివావమ్మా," అన్నాను చివరికి.

నా గొంతు వినగానే ముందు లేచింది పిల్ల కాదు, తండ్రి. సుత్తి పక్కన పడేసి చటుక్కున లేచి నిలబడ్డారు. ఆయన నా మొహం ఎన్నడూ చూడలేదు. ఏడు నెలలు విన్నది గొంతు మాత్రమే.

"టీచర్ గారా!" అన్నారు, చేతులు కట్టుకుని.

చాలా పొడుగు మనిషి. దుకాణం కప్పుకి తల తగులుతుందేమో అన్నంత పొడుగు. అంత మనిషి ఆ బుల్లి టేబుల్ కింద రోజుకి రెండేసి గంటలు ఎలా పట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"రోజూ కిందే కూర్చునేవారా?" అన్నాను.

"పెద్దవాళ్ళు కనపడకూడదు, వినపడకూడదన్నారు కదండీ. ఇంకెక్కడ కూర్చోను?" అన్నారు. అందులో వెటకారమేమీ లేదు.

"మరి కింద నుంచి ఏం చెప్పేవారు?"

"నాకేం వచ్చండీ చెప్పడానికి? సుత్తి ఆపమన్నారు కదా. అందుకని దాని పాదం మీద వేలితో నొక్కేవాణ్ణి. మాటకో నొక్కు. అంతే." తన అరచేతి మీద బొటనవేలితో నొక్కి చూపించారు. "దీనికి మాటలొచ్చిన దగ్గర్నుంచీ నత్తేనండీ. ఒకరోజు నేను మేకులు కొడుతుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టింది. దెబ్బకో అంకె. యాభై దాకా చెప్పింది, ఎక్కడా ఆగలేదు. సుత్తి పట్టుకుని అలాగే ఉండిపోయా. వాళ్ళమ్మకి చెప్తే నమ్మలేదు. మళ్ళీ లెక్కపెట్టిస్తే విని ఏడ్చేసింది."

వాళ్ళమ్మకి ఆసుపత్రి లాండ్రీలో పని. పొద్దున్నే అయిదింటికి డ్యూటీకి వెళ్ళిపోతుంది. సాయంత్రం ఆమె వంతు. ఆ రోజు పాఠం పిల్ల అమ్మకి చెప్పాలి. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ వింటుంది, మాటకో మడత. ఈ ఏడాది వాళ్ళింట్లో బట్టలు ఎప్పుడూ అవసరానికి మించి చిన్న మడతల్లో ఉంటున్నాయని చెప్పి ఆయన నవ్వారు.

అప్పుడు గోడ చూశాను. గోడ పొడవునా వరసగా పాత బూటు సోళ్ళు వేలాడుతున్నాయి. అన్నీ మేకులతో ఉన్నాయి. నేను అటు చూడడం చూసి పిల్ల పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని మొదటి దాని దగ్గరికి లాక్కెళ్ళింది.

"పారేసిన బూట్లవండీ," అన్నారాయన, కాస్త సిగ్గుపడుతూ. "ఉత్త సుత్తి కొడితే నాకు చెయ్యి కుదరదు. అందుకని చదివేటప్పుడు మాటకో మేకు దింపుతా. వారానికో సోల్."

మొదటి సోల్ మీద తోలన్నదే కనపడలేదు. వందలకొద్దీ మేకుల తలలు, ఒకదాన్నొకటి రాసుకుంటూ. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోదాని మీద మేకుల మధ్య కాస్త ఖాళీ కనపడింది. ఆ తర్వాత మాట మాటకీ కాకుండా రెండు మాటలకొకటి కొట్టారట. తర్వాత వాక్యానికొకటి. నేను ఆ గోడ వెంబడి ఒక్కో అడుగూ వేస్తుంటే మేకులు తగ్గుతూ వచ్చాయి. ఇరవయ్యో సోల్ మీద మొత్తం నాలుగే మేకులు. ఒక వారమంతా ఈ పిల్లకి నాలుగు సార్లే తండ్రి సుత్తి కావలసి వచ్చింది. నేను ఏడాదికి ఇరవై ఆరుగురికి మార్కుల పుస్తకాలు రాస్తాను. ఆ గోడ ముందు అవన్నీ చిత్తుకాగితాలనిపించాయి.

ఇరవయ్యో దాని తర్వాత ఇంకో అయిదు ఉన్నాయి. వాటి మీద మళ్ళీ తోలు కనపడలేదు.

"ఇవేమిటి?" అన్నాను.

ఆయన బల్ల మీద మేకులు సర్దడం మొదలుపెట్టారు.

"అ... అవి మీరు నాన్నని పొ... పొమ్మన్న తర్వాతవి, టీచర్," అంది పిల్ల.

నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. క్షమించమని అడగాలి. ఆ మాట నా నోటికి అలవాటు లేదు. అది కూడా "క్ష..." దగ్గరే ఆగింది. ఆయన నా వైపు చూడలేదు. పక్కనున్న ఒక జోడు చేతిలోకి తీసుకుని దాని కుట్టు చూస్తూ కూర్చున్నారు. నాకు కూడా అదే సాయం చేస్తున్నారని కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"క్షమించండి," అన్నాను.

"మీకెలా తెలుస్తుందండీ? నేనే ముందు చెప్పాల్సింది. పెద్దవాళ్ళు మాట్లాడకూడదన్నారని ఊరుకున్నా," అన్నారు. "ఆ రోజు కింద ఉన్నానే గానీ, నొక్కడం అప్పటికే మానేశానండీ. ఊరికే వేలు ఆనించి ఉంచేవాణ్ణి. ఇంకో పది రోజులైతే అదీ తీసేద్దామనుకున్నా." చేతిలోని బూటు నాకు చూపించారు. దాని లోపల చెక్కతో చేసిన పాదం ఉంది. "తడి తోలుని ఈ చెక్క మీద బిగించి ఆరబెడతాం. బాగా ఆరాక చెక్క తీసేసినా జోడు రూపం చెడదు. ఆరకముందు తీస్తే మాత్రం ముడుచుకుపోతుంది. మళ్ళీ తడిపి మొదటి నుంచీ బిగించుకోవాలి. ఏం ఫర్వాలేదు, తోలు మంచిదే."

తర్వాత ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుని చొక్కా జేబులోంచి పెన్ను తీశారు.

"కాగితం మీద సంతకం పెట్టాలని మేడమ్ గారు ఫోన్ చేశారండీ. మళ్ళీ అదే క్లాసంటే ఇది బాధపడుతుంది. ఇంక అసలు నోరు విప్పదేమోనని వాళ్ళమ్మకి భయం. అయినా మీరు ఆలోచించే నిర్ణయించి ఉంటారు. ఇటివ్వండి."

పిల్ల నా సంచీ వైపు చూస్తోంది. కాగితం చివర పైకి కనపడుతూనే ఉంది.

"తేవడం మర్చిపోయాను," అన్నాను.

ఆయన ఆ చివరని చూశారు. నన్ను చూశారు. పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"పరీక్ష ఎప్పుడండీ?"

"మూడు వారాలుంది. రేపట్నుంచి మీరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. నేనే చెబుతున్నాను కదా, ఇంక టేబుల్ కింద ఎందుకు?"

"వద్దండీ. పక్కన కూర్చుంటే నా మొహం చూస్తుంది. నా మొహంలో కంగారు దానికి తెలిసిపోతుంది. కింద ఉంటే వేలొక్కటే తెలుస్తుంది. వేలికి కంగారుండదు కదా!"

ఈ మాట నేను ఎన్ని రోజులు నెమరేసుకున్నానో చెప్పలేను. నేను వెళ్ళడానికి లేస్తుంటే ఎడమ చెప్పు ఒకసారి ఇవ్వమన్నారు. తిరగేసి చూసి, మడమ ఒక పక్కకి అరిగిందని చూపించారు. "బోర్డు మీద రాస్తూ పిల్లల వైపు తిరిగి చూసినప్పుడల్లా బరువంతా ఈ కాలి మీదే వేస్తున్నారండీ. చాలా ఏళ్ళ అలవాటు. సాయంత్రానికి నడుం నొప్పి ఉండాలే?" అన్నారు. నడుం నొప్పి ఉన్న మాట నిజం. అది మా ఇంట్లో వాళ్ళకి కూడా నేను చెప్పలేదు. అయిదు నిమిషాల్లో మడమకి తోలు వేసి ఇచ్చారు.

ఆ మూడు వారాలూ నేను కూడా నేర్చుకున్నాను. షూ రిపేర్ ఆగిపోయినప్పుడల్లా సుద్దముక్క తీసుకుని దాని కొన అరిగిందేమో చూసేదాన్ని. మొదట్లో నా నటన ఏడ్చినట్టే ఉండేది. పోను పోను కుదిరింది. అయితే ఒకటి తెలిసొచ్చింది. కర్టెన్ చాటు తండ్రి కూతురికి కూడా అలా ఆగితే ఏడు ఏడుగానే వస్తోంది. తొందర ఎవరిదో, తప్పు ఎవరిదో ఇన్నేళ్ళూ నేను తారుమారుగా అనుకున్నాను.

పరీక్ష రోజు హెడ్ మేడమ్ కూడా ఒక గడిలో కూర్చున్నారు. పిల్లలు ఒక్కొక్కరే చదివారు. తాతగారి మనవడు చదువుతుంటే తాతగారి పెదవులు కూడా కదిలాయి, ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. షూ రిపేర్ వంతు వచ్చింది. ఈ ఒక్క పేజీ తేడా వస్తే, నేను తేవడం మర్చిపోయానన్న కాగితం మళ్ళీ బయటికి తీయాల్సిందే.

పిల్ల పుస్తకం తెరిచింది. తల ఎత్తి సూటిగా నా వైపు చూసింది. చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం అయింది. రెండోది అయింది.

టక్.

దూరంగా, కానీ స్పష్టంగా వినపడింది. టక్, టక్.

ఎవరి సాయం లేకుండా చదవాలనే కదా ఈ పరీక్ష పెట్టింది. ఇప్పుడు సుత్తి పట్టుకున్నారేమిటీయన?

"ఆ చప్పుడేమిటి? ఆపమనండి," అన్నారు హెడ్ మేడమ్.

"ఒక్క నిమిషం ఉండనివ్వండి మేడమ్," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. చెవులు రిక్కించి విన్నాను.

సుత్తి దెబ్బలు ఒక దారిన వెళుతున్నాయి, పిల్ల మాటలు ఇంకో దారిన వెళుతున్నాయి. ఒక మాటకి రెండు దెబ్బలు పడ్డాయి. ఇంకో నాలుగు మాటలకి ఒక్కటీ పడలేదు. రెండూ ఎక్కడా కలవడం లేదు. అప్పుడర్థమైంది. తొమ్మిది నుంచి పదకొండు దాకా మూసి ఉండే దుకాణం తెరిచి ఉంది. ఆయన ఎవరి జోడో బాగుచేసుకుంటున్నారు. టేబుల్ కింద ఎవరూ లేరు.

పేజీ చివర్లో "మెరుపు" వచ్చింది.

"మె... మె..."

నేను సుద్దముక్క వైపు చూడబోయాను, చూడలేకపోయాను. పిల్ల పెదవులు బిగుసుకున్నాయి. అవతల సుత్తి దాని పనిలో అది ఉంది. టక్, టక్, టక్. పిల్ల కిందికి చూడలేదు. దుకాణం వైపు చూడలేదు. పేజీ మూలని రెండు వేళ్ళతో ఎత్తి, అక్కడేదో ఉన్నట్టు వెలుతురులో పెట్టి చూసింది. ఉఫ్ మని ఊదింది.

"మెరుపు," అంది. అని, చివరి వాక్యం కూడా చదివి పుస్తకం మూసింది.

నేను కళ్ళు తుడుచుకుంటున్నానని తెర మీద ఇరవై ఆరుగురూ చూశారు. చూడనీ అనుకున్నాను.

"మీ నాన్న ఎక్కడమ్మా?" అన్నాను.

"షా... షాపులో, టీచర్. ఎవరిదో మడమ ఊడిపోయిందట."

హెడ్ మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని ఏదో రాసుకున్నారు. "బాగా చదివింది. మధ్యలో ఒకచోట నెట్‌వర్క్ ఆగినట్టుంది కదూ?" అన్నారు.

"లేదు మేడమ్. ఆగింది పిల్ల," అన్నాను. "తనే మళ్ళీ మొదలుపెట్టింది."

పక్క గడిలో పిల్లవాడి వంతు వచ్చింది. సుత్తి చప్పుడు క్లాసు అయ్యేదాకా వినపడుతూనే ఉంది. ఆపమని ఎవరూ అనలేదు.